అతిశయోక్తి పిల్లలకు నేర్పాలా, మాన్పించాలా? మీ ఊరి మాటలతో చెప్పండి

కావలి_పంతులు · కావలి · సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. పదో తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. అలంకారాల పాఠంలో అతిశయోక్తికి ఒక ఉదాహరణ రాయమంటే తరగతి మొత్తం ఒకే వాక్యం రాస్తుంది: "మా ఊరిలో సముద్రమంత చెరువు ఉంది." వీళ్ళేమీ సముద్రం ఎరగని పిల్లలు కాదు. ఆదివారం వస్తే తుమ్మలపెంట బీచికి సైకిళ్ళేసుకుని పోయేవాళ్ళే. అయినా ఆ వాక్యంలో వాళ్ళు చూసిన సముద్రం లేదు, వాళ్ళ ఊరి చెరువూ లేదు. గైడులో ఉన్నది పేపరు మీదికి దిగింది, అంతే. అదే పిల్లలు ఇంటర్వెల్లో "ఆకలికి పేగులు అరుస్తుండాయి రా", "ఈ ఎండకి మాడి మసైపోతాం", "నీకు వెయ్యిసార్లు చెప్పుండా" అని నోరారా మాట్లాడుకుంటారు. ఆ మాటలు పరీక్షలో రాస్తే మార్కులు పోతాయని వాళ్ళ భయం.

మొన్న స్టాఫ్ రూములో ఈ సంగతి ఎత్తితే మా సైన్సు మాస్టారు గట్టిగానే అడ్డుకున్నారు. "పేపరు తీస్తే అతి, టీవీ పెడితే అతి, ఫోను చూస్తే అతి. ఇంకా మీరు నేర్పేదేంది? ఉన్నది ఉన్నట్టు చెప్పడం నేర్పండి, అదే ఎవరికీ రావడం లేదు" అన్నారు. కొట్టిపారేయదగ్గ మాట కాదది. అతిశయోక్తి తీసేస్తే తెలుగు చప్పగా అయిపోతుందని నా నమ్మకం. కానీ ఎంతవరకు ఒప్పు, ఎక్కడ తప్పు అని పిల్లవాడు లేచి అడిగితే చెప్పగలగాలి కదా. మీ మీ పనుల్లో, ఊళ్ళల్లో వినే మాటలతో చెప్పండి. శాస్త్రం తెలిసినవారు శాస్త్రంతో చెప్పండి.


పొదలకూరు_నిమ్మ · సాయంత్రం 6:58

నేర్పాల్సిందే సార్. ఇసుక వేస్తే రాలనంత జనం, కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడడం, చెప్పులరిగేలా తిరగడం, మూడు చెరువుల నీళ్ళు తాగించడం, పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం. ఇవన్నీ తీసి పక్కన పెట్టి ఒక పూట మాట్లాడమనండి మీ సైన్సు మాస్టార్ని. ఆయన కూడా మధ్యాహ్నానికల్లా "తల పగిలిపోతోంది" అంటారు.


బుచ్చి_రైతు · బుచ్చిరెడ్డిపాళెం · రాత్రి 7:25

పంతులు గారూ, మాది పెన్నా కింద వరి. మా నెల్లూరు పక్క ధాన్యం బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే. పుట్టి అంటే 850 కిలోలు. పుట్టికి ఇంత అని దళారి ధర చెప్తాడు, కాటా కాడ బస్తాలు లెక్కేసుకుంటాం. తేమ ఉండాది, తాలు ఉండాది అని కొన్ని కిలోలు పైన అడిగితే తగువు పడతాం.

"పుట్టెడు దుఃఖం"లో ఉండేది ఈ పుట్టే. సీరియల్లో ఎవరన్నా ఆ మాట అంటే పట్నంలో పుట్టి పెరిగిన పిల్లోడికి అది ఉత్త మాట. మాకట్టా కాదు. కోతలప్పుడు కల్లంలో పుట్టి ధాన్యం కళ్ళముందర కుప్పగా ఉంటాది. దాన్ని బస్తాలకెత్తి భుజాన మోసి లారీకి ఎక్కిస్తే రాత్రికి నడుము వంగదు. మా పెద్దమ్మ కొడుకు పోయినప్పుడు "పుట్టెడు దుఃఖం నెత్తినేసి పోయినాడు" అని ఏడ్చింది. ఆమె ఆ బరువు మోసిన మనిషే. అందుకే ఆ మాట విన్న మాకందరికీ గుండె పట్టేసింది.

గంపెడాశ, బండెడు చాకిరీ, చారెడేసి కళ్ళు, బారెడు పొద్దు. ఇట్టాంటివి ఎన్ని ఉండాయో చూడండి. అన్నీ కొలతలే. గంపలు పోయినాయి, బండ్లు పోయినాయి, మాట మాత్రం మిగిలిపోయింది. పిల్లోళ్ళకి ముందు గంప చూపించండి సార్, తర్వాత గంపెడాశ చెప్పండి. కొలత తెలియనోడికి అతిశయోక్తి ఎక్కదు.


కంభం_కట్ట · కంభం · రాత్రి 7:50

సముద్రమంత చెరువు అని మీరు వెక్కసపడ్డారు గానీ పంతులు గారూ, పడమటి ప్రకాశంలో మాకు ఆ వాక్యం కోసం గైడు అక్కర్లేదు. గుండ్లకమ్మకు కొండల మధ్య అడ్డంగా కట్ట పోసి నిలిపిన చెరువు మాది, విజయనగర రాజుల కాలం నాటిది. నిండిన ఏడాది కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కళ్ళకు ఆనదు. కరువుకు పేరుపడ్డ సీమలో అంత నీళ్ళు చూసిన మనిషి సముద్రమంత అనకుండా ఇంకేమంటాడు?

కానీ ఇదే చెరువు మీద ఇంకో రకం మాట ఉంది, దాంతో నాకు పేచీ. ఒకరు "ఆసియాలోనే అతి పెద్దది" అని రాస్తారు. ఇంకొకరు "ఆసియాలో రెండోది" అంటారు. మరొకరు మానవ నిర్మితమైనవాటిలో అని చేరుస్తారు. సముద్రమంత అన్నవాణ్ణి ఎవరూ ఆధారం అడగరు, ఎందుకంటే అది సముద్రం కాదని చెప్పినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. ఆసియాలోనే అన్నవాణ్ణి మాత్రం కొలిచింది ఎవరు, ఎప్పుడు అని అడగాలి. పైకి అలంకారంలా కనపడదు, లెక్కలా కనపడుతుంది. అందుకే అది జనంలో నిజంగా చెలామణి అయిపోతుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ మా చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఆ ఒక్క నిజం చెప్పుకుంటే చాలదా?

పిల్లలకు ఈ రెండింటి తేడా చెప్పండి. మీ సైన్సు మాస్టారు కూడా కాదనరు.


కొత్తపట్నం_అల · కొత్తపట్నం · రాత్రి 8:20

మాది సముద్రం మీద బతికే ఇల్లు. నేను చదువుకుని ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నా, మా తాత ఇప్పటికీ ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తాడు. ఆయన కబుర్లలో అల ఎప్పుడూ తాటిచెట్టంత లేస్తుంది. చేప చేతికి దొరక్కుండా పోయిందంటే అది గేదెదూడంత ఉండి తీరుతుంది. చుట్టూ పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, పెద్దోళ్ళు నవ్వుతూ వింటారు.

అదే మనిషి పడవ ఎక్కితే ఒక్క మాట ఎక్కువ చెప్పడు. లోతు బారల్లో చెప్తాడు. తాడుకి బరువు కట్టి వదిలి, అడుగు తగిలాక పైకి లాగుతూ రెండు చేతులూ చాచి ఒక్కో బారా కొలుస్తాడు. ఎనిమిది అంటే ఎనిమిదే. వల దించే లోతు తప్పితే కింద రాయికి చిక్కుకుని చిరుగుతుంది, ఆ నష్టం ఎవరు పెట్టుకుంటారు? పడవలో ఉన్నోళ్ళు ఆ లెక్కని నమ్మి పని చేస్తారు కాబట్టి అక్కడ తాటిచెట్టుకి చోటు లేదు.

ఇంకొకటి చెప్పాలి. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున సునామీ నీళ్ళు వచ్చిన సంగతి మా తాత చెప్పేటప్పుడు కూడా తాటిచెట్టు మాట రాదు. నీళ్ళు ఫలానా వాళ్ళ అరుగు దాకా వచ్చినాయి, ఫలానా వాళ్ళ పడవ రోడ్డు మీద పడింది, వలలన్నీ ఇసకలో కూరుకుపోయినాయి అని ఒకటొకటి చెప్తాడు. గొంతు పెంచడు. నాకప్పుడు అర్థమైంది, మనిషి నిజంగా భయపడ్డ చోట పెంచి చెప్పాలనే ధ్యాసే ఉండదని.

తుఫాను వస్తే రేవుల్లో ఎగరేసే హెచ్చరికలకి ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు ఉంటాయి. పదకొండో నంబరు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయినట్టు. మా ఊళ్ళో చదువురాని ముసలాయనక్కూడా ఈ నంబర్లు తెలుసు. ఆ రోజు టీవీవాళ్ళు ఎంత అరిచినా మావాళ్ళు అడిగేది ఒకటే, ఎన్నో నంబరు ఎగరేశారని.


నల్లకోటు · ఒంగోలు · రాత్రి 8:55

వకీలుగా నా అనుభవం చెబుతాను. మనవాళ్ళ ఫిర్యాదుల్లో తరచూ కనపడే మాట: "నన్ను చంపినంత పని చేశాడు." తెలుగువాడికి దీని అర్థం స్పష్టం. బాగా కొట్టాడు, లేదా బాగా భయపెట్టాడు, ప్రాణం మాత్రం తీయబోలేదు. "అంత పని" అన్న రెండు మాటల్లోనే అది జరగలేదన్న ఒప్పుకోలు ఉంది. కానీ కాగితం మీదికి ఎక్కేటప్పుడు రాసేవాడు తొందరలో "చంపబోయాడు" అని రాశాడనుకోండి. వెంటనే అది హత్యాయత్నం సెక్షను అవుతుంది. పాత ఐపీసీలో 307, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 109. రెండు కుటుంబాల మధ్య గట్టు తగాదా కాస్తా ఏళ్ళ తరబడి సెషన్స్ కేసైపోతుంది.

ఇక సాక్షుల సంగతి. "ఊరంతా కర్రలు పట్టుకుని మా మీద పడింది" అంటాడు. క్రాసులో అవతలి వకీలు అడుగుతాడు, ఊరి జనాభా ఎంత, ఆడవాళ్ళు వచ్చారా, పసిపిల్లలు వచ్చారా అని. సాక్షి బిక్కమొహం వేస్తాడు. ఆయన అబద్ధమాడలేదు, ఇంట్లో చెప్పినట్టే ఇక్కడా చెప్పాడు. వినేవాళ్ళు మారిన సంగతి ఆయనకు తట్టలేదు.

మన న్యాయస్థానాలు ఈ అలవాటును ఎరుగును. ఒక్క విషయంలో అబద్ధమాడినవాడి మాట మొత్తం అబద్ధమే అనే పాత లాటిన్ సూత్రం ఒకటుంది. మన దేశంలో దాన్ని యథాతథంగా పాటించనక్కర్లేదని సుప్రీంకోర్టు చాలా తీర్పుల్లో చెప్పింది. సాక్ష్యంలో పొట్టును, గింజను వేరు చేయాల్సింది న్యాయమూర్తే అంది. మన సాక్షులు కాస్త పెంచి చెబుతారన్న ఎరుక దాని వెనక ఉంది. అయినా ఆ చెరుగుడులో గింజ కూడా ఎగిరిపోయిన కేసులు చూశాను, అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళను ముందు కూర్చోబెట్టి "ఎంతమంది, ఎవరెవరు, చేతిలో ఏముంది" అని మూడు ప్రశ్నలు అడుగుతాను.


సింగరాయకొండ_శ్రీ · రాత్రి 9:10

వకీలు గారు కోర్టు సంగతి చెప్పారు కాబట్టి ప్లాట్ల సంగతి నేను చెబుతా. "ఊరికి కూతవేటు దూరం" అని కరపత్రంలో వేశారు. మా అన్నయ్య పొదుపు చేసుకున్న డబ్బంతా పోసి కొన్నాడు. పోయి చూస్తే తారు రోడ్డు దిగి మట్టి బాటలో ఆటో అరగంట పోవాలి. కూత వేస్తే గొర్రెల కాపరికి తప్ప ఎవరికీ వినపడదు. అడిగితే "అది మాటవరసకు వేసింది సార్" అన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు మాటవరసకు తీసుకోలేదు కదా.

నేను సైన్సు మాస్టారి పక్షం. మోసపోయిన ఇంట్లో నుంచి చూస్తే అతిశయోక్తి ముచ్చటగా కనపడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలకు జరిమానా ఉంది. కానీ "కూతవేటు" అన్నది తప్పుడు సమాచారమా, అలంకారమా అని వాళ్ళు వాదిస్తారు. ఆ సందు వాళ్ళకిచ్చింది భాషే.


కందుకూరు_బీటెక్ · రాత్రి 9:30

శ్రీ గారూ, మీ అన్నయ్య గారి విషయం విని బాధేసింది. కానీ ఆ తప్పు భాషది కాదండీ, అమ్మినవాడిది. కిలోమీటర్లు చెప్పాల్సిన చోట కూతవేటు అని దాచాడు.

బుచ్చి రైతు గారి మాటకి ఒకటి కలుపుతా. కొలతలు పోయాయన్నారు, మా వయసువాళ్ళకి వేరే కొలతలు వచ్చాయి. హాస్టల్లో నెట్ నెమ్మదిగా ఉంటే "ఈ పేజీ లోడయ్యేలోపు నాకు పెళ్ళయి పిల్లలు కూడా పుడతారు రా" అంటాం. చార్జింగ్ ఒక్క శాతం ఉన్నప్పుడు "ఐసీయూలో ఉంది" అంటాం. ఎవడన్నా బాగా ఆడితే తోపు, దుమ్ము లేపాడు, ఇరగదీశాడు. పెద్దవాళ్ళు ఇవి విని భాష పాడైపోయిందంటారు. మాక్కూడా కళ్ళముందున్న కొలతతోనే వస్తున్నాయి ఈ మాటలు. ఒక్క "అరాచకం" మాత్రం అరిగిపోయింది. బిర్యానీ అరాచకం, షర్టు అరాచకం, మ్యాచ్ అరాచకం. ఇప్పుడు ఎవరన్నా అరాచకం అంటే బాగుందనుకుంటాం, అంతకుమించి ఏమీ అనిపించదు.


మూలాపేట_తాత · నెల్లూరు · రాత్రి 10:05

ఆయుష్మాన్ పంతులు గారికి, తక్కిన పిల్లలందరికీ ఆశీస్సులు. శాస్త్రం అడిగారు కనుక కొంచెం విస్తరించి రాస్తాను.

సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో అతిశయోక్తిని అలంకారాల్లో ఉత్తమమైనదని అన్నాడు. ఒక విశేషాన్ని లోకం హద్దు దాటించి చెప్పాలన్న తలంపు అని దాని లక్షణం. అదే దండి, అదే గ్రంథంలో, అంతకు ముందు పరిచ్ఛేదంలో కాంతి అనే గుణం చెబుతూ, లోకంలో ఉన్న తీరును మీరకుండా చెప్పిన మాట అందరికీ హృద్యంగా ఉంటుందన్నాడు. మీరితే దాన్ని అత్యుక్తి అన్నాడు. అంటే మీ స్టాఫ్ రూములో జరిగిన తగువు పన్నెండు, పదమూడు వందల ఏళ్ళ కిందటే ఒక్క మనిషి పుస్తకంలో జరిగింది. ఆయన ఏ ఒక్క వైపూ తీర్పు చెప్పి ఊరుకోలేదు. రెండింటికీ చోటు చూపించాడు.

ఈ దండికి మన నెల్లూరుతో చుట్టరికం ఉంది. ఆయన దశకుమారచరితాన్ని తెలుగు చేసిన కేతనకు అభినవదండి అని బిరుదు. ఆ కావ్యం అంకితం పుచ్చుకున్నది మన తిక్కన సోమయాజి. విక్రమసింహపురిలో, మనుమసిద్ధి కొలువులో ఉన్న ఆ తిక్కన భారతం మొదలుపెట్టింది విరాటపర్వంతో. అందులోని ఉత్తరకుమారుణ్ణి తలచుకోండి. అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని, సారథి ఒక్కడు దొరికితే కౌరవసేనను మట్టుపెట్టి వస్తానని పలికాడు. సేన కంటపడగానే రథం దిగి పరుగు పెట్టాడు. ఊళ్ళల్లో ఇప్పటికీ ఉత్తరకుమార ప్రగల్భాలు అంటున్నామంటే అతిశయోక్తికీ, ప్రగల్భానికీ తేడా మనవాళ్ళకు బాగా తెలుసు. ఎదుటివాణ్ణి, ఎదుటి వస్తువును పెంచి చెబితే ముచ్చటపడతారు. తన్ను తాను పెంచుకుంటే ఎచ్చులంటారు.

ఇక విభాగాలు. అప్పయ్య దీక్షితులు కువలయానందమనే అలంకార గ్రంథంలో అతిశయోక్తిని చాలా రకాలుగా విడదీశారు. పేర్లు చూసి పిల్లలు హడలిపోతారు గానీ, అవన్నీ వాళ్ళ నోళ్ళలో ఉన్నవే. "ఆయన లెవెలే వేరబ్బా" అంటే భేదకాతిశయోక్తి, అందరిలాంటిదాన్నే వేరన్నాం. "లెక్కల పరీక్ష అన్న మాట వింటేనే జ్వరం" అంటే చపలాతిశయోక్తి, కారణం రాకుండా దాని ఊసుతోనే కార్యం జరిగిపోయింది. "గంట మోగడం, పిల్లలు గేటు దాటడం ఒక్కసారే" అంటే అక్రమాతిశయోక్తి. "మాత్ర మింగకముందే తలనొప్పి పారిపోయింది" అంటే అత్యంతాతిశయోక్తి, కార్యం ముందు, కారణం వెనక. సముద్రమంత చెరువు దగ్గరే ఆగిపోవడం పిల్లల లోపం కాదు, మనం ఆ ఒక్కటే చూపించాం.


వార్డు_సిస్టర్ · ఒంగోలు · రాత్రి 10:40

తాతగారి పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా దగ్గర అతిశయోక్తి ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

నొప్పి ఎంత ఉందని అడిగితే సున్నా నుంచి పది లోపల చెప్పమంటాం. పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి ఆ పది ఎక్కదు. "ప్రాణం పోతోందమ్మా" అంటారు. పంటినొప్పికీ అదే, కాలు విరిగినా అదే. వినీవినీ కొత్తగా చేరినవాళ్ళు తేలిగ్గా తీసుకోవడం మొదలుపెడతారు, అదే ప్రమాదం. నేను వాళ్ళకి చెప్పేది ఒకటే, "పోతోంది" అన్న మాటని వదిలేసి, పక్కన ఇంకేం చెప్పారో వినండి అని. "గుండెల మీద ఎవరో బండ పెట్టినట్టుంది, ఎడమ చెయ్యి లాగుతోంది" అంటే అది అలంకారం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. వెంటనే ఈసీజీ తీయాలి. "తల పగిలిపోతోంది" అని రోజూ వింటాం. కానీ "పుట్టి బుద్ధెరిగాక ఇట్టాంటి నొప్పి రాలేదమ్మా, ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చింది" అంటే మెదడులో రక్తస్రావం అయి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా స్కానింగుకి పంపిస్తారు.

దీనికి పూర్తిగా ఎదురు మా దగ్గరికొచ్చే ముసలోళ్ళు. ముఖ్యంగా ఆడవాళ్ళు. రెండు రోజుల నుంచి అన్నం దిగకపోయినా "ఏదో కొంచెం నలతగా ఉంది తల్లీ, పిల్లలు ఊరికే కంగారుపడి తీసుకొచ్చారు" అంటారు. పెంచి చెప్పేవాళ్ళకన్నా తగ్గించి చెప్పేవాళ్ళతోనే నాకు ఎక్కువ భయం. పంతులు గారూ, దయచేసి అది కూడా పాఠంలో చెప్పండి.


చేపలపులుసు · నెల్లూరు · రాత్రి 10:52

సిస్టర్ గారు చెప్పిన తగ్గించి చెప్పడం మా ఇళ్ళల్లో మర్యాద. కొరమీనుల పులుసు రాత్రే కాచి మామిడికాయ ముక్క వేసి ఊరబెట్టి ఉంటారు. వచ్చిన చుట్టంతో మాత్రం "ఏదో పచ్చడి మెతుకులు తిని పోదురు, రాండి" అంటారు. ఆ పచ్చడి మెతుకుల్లో నాలుగు కూరలు ఉంటాయని ఆ చుట్టానికీ తెలుసు. మా అత్తకి ఒంట్లో బాగాలేనప్పుడూ ఇదే అలవాటు. డాక్టరు దగ్గరా చుట్టరికమే చేస్తుంది.


గిత్తల_మైకు · చీమకుర్తి · రాత్రి 11:15

నాకు తెలిసిన అతిశయోక్తి అంతా బండలాగుడు పోటీల మైకులోదే. సంక్రాంతికి, తిరునాళ్ళకి మా జిల్లాలో పోటీలు పెడితే చుట్టుపక్కల జిల్లాల నుంచి జతలు దిగుతాయి. పళ్ళను బట్టి విభాగాలు. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే మొదటి బహుమతి.

మైకు పట్టుకునే వ్యాఖ్యాత గొంతు వినాలి మీరు. "కదిలింది కొండ! భూమాత అదురుతోంది! దుమ్ము పోయి మబ్బుల్ని ముట్టుకుంటోంది! ఇవి గిత్తలా, నల్లమల పులులా!" ఆ మాటలకి జనం ఊగిపోతారు. చెర్నాకోల పట్టుకున్నోళ్ళకీ ఊపు వస్తుంది. అదే సమయంలో బండ వెనకాల ఇద్దరు మనుషులు వంగి నడుస్తుంటారు. వాళ్ళ చేతిలో టేపు ఉంటుంది. వాళ్ళు ఊపిరి బిగబట్టి అడుగులు, అంగుళాలు చూస్తారు. విజిల్ పడగానే వ్యాఖ్యాత గొంతు మారుతుంది. ఎన్ని వేల అడుగులు, ఎన్ని అంగుళాలు అని నిదానంగా, రెండుసార్లు చదువుతాడు. ఆ అంకెలో అంగుళం పెంచితే అక్కడే కొట్లాట అవుతుంది. అంతకు ముందు కొండ కదిలిందన్నందుకు ఎవరూ కొట్లాడరు.

ఒకే మైకు, ఒకే మనిషి. జనానికి ఏ మాట దేనికో తెలుసు. టేపు లేని చోట ఆ వ్యాఖ్యానం పెట్టి చూడండి, అప్పుడు శ్రీ గారి అన్నయ్యకి జరిగినట్టే జరుగుతుంది.


పెన్నా_విలేకరి · నెల్లూరు · రాత్రి 11:40

మైకు అన్న బాగా చెప్పారు. పేపర్లో పనిచేసేవాణ్ణి కాబట్టి నేనూ ఒక మాట. రెండు గంటలు వాన పడి రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే శీర్షిక "కుంభవృష్టి". ఇంకో గంట పడితే "జలప్రళయం". మే నెలలో రోజూ "నిప్పుల కొలిమి". ఏటా ఇదే వరస, అన్ని పేపర్లలోనూ.

2021 నవంబరులో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. హైవే తెగింది. చెన్నై రైళ్ళు ఆగిపోయాయి. ఆ రాత్రి డెస్కులో శీర్షిక పెట్టడానికి మాట దొరకలేదు. జలప్రళయం అంతకు ముందే ఎన్నోసార్లు వాడేసిన మాట, దానికి బలం లేదు. చివరికి ఏ ఊళ్ళో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయి, ఏ రోడ్డు మూశారు, ఏ రైలు ఎక్కడ ఆగింది అని వరసగా వేశాం. జనం దాచుకుని చదివింది ఆ పేజీనే.

కందుకూరు తమ్ముడు "అరాచకం" అరిగిపోయిందన్నాడు. శీర్షికల్లో మాటలన్నీ అట్టా అరిగినవే. పెద్ద మాటను చిన్న వానకి ఖర్చు పెడితే పెద్ద వానకి మిగలదు. నాకు అతిశయోక్తి మీద కోపం లేదు. దాన్ని దండగ చేసేవాళ్ళ మీదే కోపం.


పాలపళ్ళు · కనిగిరి · ఉదయం 6:30

ఇంకో చిక్కు కూడా ఉంది, ఎవరూ ఎత్తలేదు. నిజమే అతిశయోక్తిలా వినపడితే ఏం చేయాలి? మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ పోయి అక్కడ మన నెల్లూరు పేరుతోనే నెలోర్ జాతి అయ్యాయి. ఆ జాతి ఆవు ఒకటి, వియాటినా-19, బరువు 1,101 కిలోలు. 2023లో దాంట్లో మూడోవంతు వాటా అమ్మిన ధరను బట్టి మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటిందని గిన్నిస్ వాళ్ళు రికార్డుకెక్కించారు. మా ఊరి రచ్చబండ దగ్గర ఈ సంగతి చెబితే "చాల్లే కోతలు" అన్నారు. మామూలుగా చెప్పే కోతలన్నీ నమ్మేవాళ్ళు ఈ ఒక్క నిజం నమ్మలేదు. ఫోనులో ఫొటో చూపించాక కూడా ఒకాయన, కొన్నోడికి మతి ఉండి కొన్నాడా అని అడిగాడు.


కావలి_పంతులు · కావలి · ఉదయం 7:45

రాత్రి పడుకునే ముందు కొన్ని, పొద్దున్నే కొన్ని చదివాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ వారం తరగతిలో ఇట్టా చేద్దామనుకుంటున్నా. ప్రతి పిల్లా, పిల్లాడూ ఇంట్లోనో వీధిలోనో విన్న అతిశయోక్తి ఒకటి రాసుకురావాలి. దాని పక్కనే అసలు కొలత ఎంతో కనుక్కుని రాయాలి. గంపెడు అంటే గంప ఎంత, బారెడు అంటే బార ఎంత, కూతవేటు అంటే కూత ఎంత దూరం వినపడుతుంది. ఆ ఆఖరుది మైదానంలో కొలిచి చూపిస్తానని మా సైన్సు మాస్టారే ముందుకొచ్చారు. ఇక సిస్టర్ గారు చెప్పిన నలత సంగతి వేరే తరగతిగా చెబుతా.

మూలాపేట తాతగారికి ఒక సందేహం. నిమ్మ గారు మొదట రాసిన "ఇసుక వేస్తే రాలనంత జనం" మీరు చెప్పిన విభాగాల్లో దేని కిందికి వస్తుంది? పిల్లలు తప్పకుండా అడుగుతారు.


మూలాపేట_తాత · నెల్లూరు · ఉదయం 8:10

మంచి ప్రశ్న. లేని సంబంధాన్ని ఉన్నట్టు కల్పిస్తే సంబంధాతిశయోక్తి. మేడలు చంద్రమండలాన్ని తాకుతున్నాయన్నది అట్లాంటిది. ఉన్న సంబంధాన్ని లేదంటే అసంబంధాతిశయోక్తి. ఇసుక పైనుంచి వేస్తే నేల మీద పడడం సహజం, ఆ సహజాన్ని ఇక్కడ కాదంటున్నాం. కనుక నా లెక్కకు అసంబంధాతిశయోక్తి. దాని పక్కన "నేల ఈనినట్టు జనం" పెట్టి చెప్పండి. నేల ఈనదు, ఈనిందంటున్నాం, అది మొదటి రకం. రెండూ జనం గురించే కావడం వల్ల పిల్లలకు తేడా తొందరగా పట్టుబడుతుంది. రథోత్సవం నాడు మా వీధిలో ఈ రెండు మాటలూ వినపడతాయి, ఎవరన్నా పిల్లలు వస్తే దగ్గరుండి వినిపిస్తాను.